కంపకు అవతల ఉడికిన బెల్లం

మహమ్మారి వ్యవసాయానికి ఎన్నో అవకాశాలు తెచ్చిందని ఈ మధ్య ఒక పెద్దమనిషి ఫోను తెరలోంచి సెలవిచ్చారు. ఆయన వెనక అద్దాల బీరువా, పక్కన నీళ్ళ గ్లాసు, నెత్తిన చల్లగాలి. రైతు నేరుగా వినియోగదారుడి చేయి అందుకోవాలని ఆయన బోధ. ఎవరి చేయీ ఎవరూ ముట్టుకోకూడని రోజుల గురించి మాట్లాడుతూ ఈ మాట అన్నారు. పల్లె అనుభవం ఉన్నవాడినని నన్నూ అయిదు నిమిషాలు మాట్లాడమన్నారు. నేను తుమ్మకంప గురించి మొదలుపెట్టాను. రెండో నిమిషంలో "మీ గొంతు ఆగిపోయిందండీ" అన్నారు. ఆగలేదు, ఆపారు. మిగిలిన మూడు నిమిషాల మాటలు ఇక్కడ రాసుకుంటున్నాను.

ఆ ఏడు మార్చి ఆఖరులో నేను అనకాపల్లి నుంచి చీడికాడ వైపు ఉన్న మా అక్క వాళ్ళ ఊరికి రెండు చొక్కాలతో వెళ్ళాను. రెండు రోజుల్లో తిరిగి రావాలని లెక్క. ఈలోగా దేశం మూతపడింది. మూడో రోజునుంచి మా బావ లుంగీలు కట్టుకుని తిరిగాను.

నా సంగతి సరే, చెరుకు సంగతి వేరు. దేశం మూసేస్తారని ఎవరూ చెప్పలేదు కనక, ముందురోజే బావ తన ఆఖరి మడి నరికించి కళ్ళంలో కుప్ప వేయించాడు. అంతకుముందు వండిన బెల్లం కౌలుకూ ఎరువుకూ పోయింది. ఇంటికి మిగిలేది ఈ మడి ఒక్కటే. నరికిన చెరుకు ఎవరికోసమూ ఆగదు. ఎండలో నాలుగైదు రోజులు పడి ఉంటే రసం పులుపెక్కుతుంది. పులిసిన రసాన్ని ఎంత కాచినా బెల్లం కట్టదు, జారుడు ముద్దగా మిగిలిపోతుంది. కుప్పలో ఉన్నది ఏడు పెనాల చెరుకు, అంటే రసం కాచే పెద్ద పెనాన్ని ఏడుసార్లు నింపేంత. గానుగ బావదే, పెనం బావదే, పొయ్యిలోకి ఎండిన పిప్పి సిద్ధంగా ఉంది. లేనిది పాకం చూసి పెనం దింపే మనిషి.

ఆ మనిషి పక్క ఊళ్ళో, చర్చి పక్కన పేటలో ఉంటాడు. అరవై దాటినవాడు. బావ తండ్రి కాలం నుంచి ఆ గానుగ దగ్గర బెల్లం వండుతున్నది అతనే. వయసులో తనకంటే పదిహేనేళ్ళు పెద్దవాడిని మా బావ "ఒరే" అంటాడు. అతను బావను "బాబూ" అంటాడు. ఇది మర్యాదేనని రెండువైపులా నమ్మకం. నాలాంటి వాడు అడిగితే "అలవాటు బావా" అంటాడు మా బావ, అలవాటు అనేది తాతగారు చేతిలో పెట్టి వెళ్ళిన తాళంచెవి అయినట్టు.

దేశం మూతపడిన మర్నాడు తెల్లారేసరికి ఊరి పొలిమేరలో కల్వర్టు దగ్గర తుమ్మకంప అడ్డంగా పడింది. పక్కన అట్టముక్క మీద "బయటివారికి ప్రవేశం లేదు" అని రాశారు. ఒక కమిటీ కూడా రాత్రికి రాత్రే పుట్టింది. దానికో పెద్ద. ఆయన చేతిలో నుదుటికి గురిపెట్టి జ్వరం చూసే తుపాకీ.

వ్యాధిని నేను తేలిక చేయడం లేదు. మరుసటి ఏడు అది మా వీధిలోనే రెండు ఇళ్ళకు తాళాలు వేయించింది. దూరంగా ఉండమని డాక్టర్లు చెప్పింది నిజం, గుడ్డ కట్టుకోమన్నది నిజం. అయితే దూరం అనే మాట చెవిన పడగానే మావాళ్ళకు కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేకపోయింది. ఎవరిని దూరం పెట్టాలో వాళ్ళ దగ్గర పాత జాబితా ఉంది.

కంప వేసిన రోజు సాయంత్రమే అమ్మవారికి పసుపునీళ్ళ బిందెల ఊరేగింపు. వ్యాధి ఊళ్ళోకి రాకూడదని ఊరంతా ఒకరి భుజానికి ఒకరు రాసుకుంటూ, డప్పులతో, ఇరుకు సందులో గంటసేపు నడిచారు. క్రిమికి కళ్ళుంటే ఆనందంతో చెమర్చేవి. నేను అరుగు మీద నిలబడి, గుంపు కూడవద్దని గొంతు చించుకున్నాను. ఒకావిడ నా మీద కూడా ఇన్ని పసుపునీళ్ళు చల్లి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే బెల్లం వండే పెద్దాయన తన గరిటె భుజాన వేసుకుని కంప దగ్గరకు వచ్చాడు. రానివ్వలేదు. బావ పరుగెత్తుకు వెళ్ళాడు, వెనక నేను, అక్క.

"ఆడి కొడుకు అచ్యుతాపురం కంపెనీలో సేత్తన్నాడు," అన్నాడు కమిటీ పెద్ద. "మొన్న కంపెనీ బస్సులో వచ్చేడు. ఆ బస్సులో ఎంతమంది ఎక్కేరో, ఎవుడు దగ్గేడో నీకు తెల్సా?"

"కొడుకు పొలంలో పాకలో ఏరేగా ఉన్నాడు మావా. ఈడు ఆడి కాడికే ఎల్లలేదు. ఆశా వర్కరమ్మ రోజూ సూసొత్తంది. ఎవలికీ ఏటీ నేదంది."

"ఆవిడేటి డాక్టరా?"

"మరి నీ అల్లుడు నిన్న సబ్బవరం నించి బండి మీద వచ్చేడు గదా మావా, ఆడికి?"

"ఆడు మనోడు."

ఆ రెండు మాటలతో నాకు రోగ లక్షణాలన్నీ అర్థమయ్యాయి. క్రిమి మనవాళ్ళను గుర్తుపడుతుంది. బస్సెక్కి వస్తే కరుస్తుంది, బండెక్కి వస్తే నమస్కారం పెడుతుంది. పెద్దాయన గరిటె ఇంకో భుజానికి మార్చుకుని, "ఎల్లుండికి రసం పులిసిపోద్ది బాబూ, సూసుకోండి," అని వెనక్కి తిరిగాడు.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పుకోవాలి. పాకం అంటే వేడి, వేడి అంటే కొలత, కొలతకు కులం లేదు, మనమే వండుదాం అని బావకు ఉపన్యాసం ఇచ్చాను. ఫోనులో చూస్తే పాకం ఎన్ని డిగ్రీల దగ్గర దింపాలో రాసి ఉంది. థర్మామీటరు కావాలి. ఊళ్ళో ఉన్నది ఒకటే, కమిటీ పెద్ద తుపాకీ. బావ అరగంటకని బతిమాలి తెచ్చాడు. ఆ అరగంటలో ఊళ్ళోకి జ్వరంతో ఎవరూ రాలేదనే అనుకుందాం.

గానుగ తిరిగింది, రసం పెనంలో పడింది, మడ్డి తీశాం, మూడు గంటలు కాచాం. పెనం బుడగలెత్తుతుంటే నేను ఆవిరిలో తుపాకీ పట్టుకుని నిలబడ్డాను. అది ఎర్రగా మెరిసి, కీచుకీచుమంది.

"ఏటి బావా, ఎంత సూపిత్తంది?" అన్నాడు బావ పొయ్యి దగ్గరనుంచి.

"హై అని చూపిస్తోంది."

"హై అంటే దింపీమనా, ఉంచీమనా?"

మనిషి నుదురు చూసే యంత్రానికి పెనం వేడి తెలియదని, మనిషి జ్వరం దాటితే దానికి అన్నీ "హై" అనేనని అప్పుడు తట్టింది. "జ్వరం ఎక్కువని," అన్నాను.

"అయితే ఓ పారాసెట్మాల్ ఏసీండి," అంది అక్క.

నేను ఊహించి దింపమన్నాను. సాయంత్రానికి అచ్చుల్లో ఉన్నది బెల్లం కాదు. వేలు పెడితే వేలు లోపలికి వెళ్ళింది, బయటకు తీస్తే దానితో పాటు తీగ వచ్చింది. ఏడు పెనాల చెరుకులో ఒకటి నా సైన్సుకు ఆహుతి అయింది. మావాళ్ళు యజ్ఞాల్లో పోసే నెయ్యి దండగని నేను చాలా రాశాను. ఆ సాయంత్రం ఎవరూ ఆ సంగతి ఎత్తకపోవడం వాళ్ళ మంచితనం.

మిగిలింది ఆరు. బావ ముఖం చూడలేకపోయాను. చేతులు వేలాడేసుకుని చెరుకు కుప్ప చుట్టూ తిరుగుతున్నాడు, ఒక్కో గడ విరిచి నమిలి ఉమ్ముతున్నాడు. "ఇంకా తీపే," అంటాడు, కాసేపటికి మళ్ళీ విరుస్తాడు.

చీకటి పడకముందే అక్క చీరకొంగు దోపుకుని కమిటీ పెద్ద ఇంటికి వెళ్ళింది. మేమూ వెంట వెళ్ళాం.

"మావా, ఆడు ఊళ్ళోకి రాకూడదు, అంతేనా?"

"అంతే. కమిటీ మాట."

"నీ మాట నీదే. మరి ఊరు ఎక్కడిదాకానో ఎవుడైనా కొలిసేడా? నిన్న కల్వర్టు కాడ కంప ఏసేరు. రేపు మా గానుగకి ఇవతల ఏసీండి. గానుగ ఊరవతల పడిపోద్ది. ఆడు ఊళ్ళోకి వచ్చినట్టూ కాదు, మా సెరుకు పోయినట్టూ కాదు."

నేను ఇరవై ఏళ్ళు వేదికల మీద వాదించాను. ఎదుటివాడి నియమాన్ని ముట్టుకోకుండా వాడి నేలను జరిపేయవచ్చని నాకు ఎప్పుడూ తోచలేదు. కమిటీ పెద్ద వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. మాట నిలబడుతుంది, పరువు నిలబడుతుంది, జరిగేది కంపే. "సరే," అన్నాడు. "గానీ కంపకి అవతల ఉన్నోడు ఎవుడైనా పద్నాలుగు రోజులు అవతలే. నీ మొగుడైనా సరే."

బావకు ఇంట్లో ఉండిపోయే వీలుంది. కాని తన పెనం దింపే వేళకు రైతు పక్కన లేకపోతే బెల్లం కట్టదని మావైపు పాత నమ్మకం. బెల్లం నీ ముఖం చూసి గట్టిపడదని నేను అనబోయాను. పొద్దున్నే ఒక పెనం పాడుచేసిన నోటితో ఆ మాట రాలేదు. తెల్లవారుజామున కంప లేచి నూరు గజాలు నడిచి గానుగకు ఇవతల కూర్చునేసరికి మా బావ, నేను ఊరవతలి వాళ్ళమయ్యాం. బావ ఆ ఊళ్ళో పుట్టాడు. ఆ గానుగశాలలో నడక నేర్చుకున్నాడు. పొద్దున్న ఆరింటికి బయటివాడు అయిపోయాడు. అలా కావడానికి ఎంత తక్కువ శ్రమ పడుతుందో చూసి అతను కాస్త కంగారుపడ్డాడు.

పెద్దాయన భార్యతో సహా వచ్చాడు. ఆమె పొయ్యిలోకి పిప్పి వేస్తుంది. అతను వస్తూనే నన్ను చూసి, "తుపాకీతో కాల్సేరంట గదా బాబూ, పెనాన్ని?" అన్నాడు. ఆమె ముఖం పక్కకు తిప్పుకుని నవ్వింది.

అతని పక్కన ఒక సత్తుగిన్నెలో చన్నీళ్ళు. పాకం చిక్కబడే వేళకు గరిటె అంచున నాలుగు చుక్కలు ఆ నీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండ చేసి, గిన్నె అంచుకేసి కొట్టి చెవి పెట్టి విన్నాడు. మెత్తగా తప్‌మంది. "ఇంకా గొంతు రానేదు," అన్నాడు. కాసేపాగి మళ్ళీ వేశాడు. ఈసారి గులకరాయి తగిలినట్టు ఖంగున మోగింది. "దించండి బాబూ!" ముగ్గురం పెనం దించాం. చూడడం, పరీక్షించడం, తేలినదాన్ని బట్టి పని చేయడం. దీన్నే నేను ఊళ్ళు తిరిగి శాస్త్రీయ దృక్పథం అని బోధించేవాడిని. అతను నలభై ఏళ్ళుగా ఏ బోధా లేకుండా చేస్తున్నాడు. మధ్యాహ్నానికి అచ్చుల్లో బెల్లం కట్టింది. బావ దిమ్మ మీద అరచేత్తో కొట్టి చూసుకుని, ఎవరికీ కనబడకుండా కళ్ళు తుడుచుకున్నాడు. పొగ అన్నాడు.

మొదటి పూట అక్క అన్నం క్యారేజీ కంప మీదుగా అందించింది. ఖాళీ క్యారేజీ వెనక్కి వెళ్ళబోతే కమిటీ ఆపింది. గిన్నెలకూ పద్నాలుగు రోజులట. ఒకసారి వెళ్ళిన క్యారేజీ రాదు కనక రెండోసారి అన్నమూ రాలేదు. సాయంత్రం పెద్దాయన భార్య ఇటుకల పొయ్యి మీద అన్నం, ఎండుచేపల పులుసు వండింది. నేను కూర్చున్నాను. బావ దూరంగా చెరుకు మోపు మీద కూర్చుని, "నాకు కడుపు బాగోనేదు," అన్నాడు.

"కడుపు నొప్పికి గంజి మంచిది బాబూ," అందామె. "అదీ నా సేతిదే మరి."

పొద్దున్నుంచీ మోపులు మోసినవాడికి ఆ పులుసు వాసన ఎంతసేపని తట్టుకోవడం అవుతుంది? పావుగంట తరువాత వచ్చి కూర్చున్నాడు, రెండోసారి కూడా వేయించుకున్నాడు. ఆ మర్నాటికి అతని నోటినుంచి "ఒరే" రాలిపోయింది. దాని బదులు ఏ పిలుపూ రాలేదు. గరిటె కావాలంటే "ఇదిగో" అంటున్నాడు, నీళ్ళు కావాలంటే "అదిగో" అంటున్నాడు. తరతరాల మాట తీసేస్తే ఆ ఖాళీలో పెట్టడానికి అతని దగ్గర ఏమీ లేదు.

రెండు రోజుల్లో ఆరు పెనాలూ దిగాయి. ఆఖరి పెనంలో రసానికి పులుపు తగిలిందని పెద్దాయన మరికాస్త సున్నపుతేట పోశాడు. రంగు నల్లబడింది కాని దిమ్మ నిలబడింది. బావ ఇంటి చెరుకు గట్టెక్కింది.

బెల్లం కట్టిందన్న వార్తకు కంప అడ్డం కాలేదు. కమిటీ పెద్ద తన చెరుకు కూడా నరికించేశాడు. మర్నాడు పొద్దున్న బండి కంప దాకా వచ్చింది. నాలుగు పెనాల చెరుకు.

"ఏరా, మాదీ వండీ," అన్నాడు కంప అవతలినుంచి.

"నేను ఊళ్ళోకి రాకూడదు గదండి బాబూ," అన్నాడు పెద్దాయన, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా. "సెరుకునే ఇలా పంపించండి."

మోపులు ఒక్కొక్కటే కంప మీదుగా ఇవతలికి వచ్చి పడ్డాయి. చెరుక్కు పద్నాలుగు రోజులు లేవు. మేం గానుగ ఆడాం. మధ్యాహ్నానికి మొదటి పెనం సిద్ధమైంది. పెద్దాయన ఉండ కొట్టి విని, కంప వైపు తిరిగాడు.

"పాకం వచ్చీసింది. రైతు ఏడండీ?"

"ఇక్కడ్నించి సూత్తన్నాను. దింపీ."

"మీ ఇష్టం. కట్టకపోతే నన్ననొద్దు బాబూ."

కమిటీ పెద్ద కంపను చూశాడు, పెనాన్ని చూశాడు. తరువాత నన్ను చూశాడు. "ఏటయ్యా, సదువుకున్నోడివి, ఇలాటియన్నీ ఉత్తియేనంటావు గదా. పక్కన లేపోతే కట్టదా? నువ్వు సెప్పు."

ఇలాంటి ప్రశ్న కోసం నేను జీవితమంతా కాచుకుని కూర్చున్నాను. నేను ఊరూరా తిరిగి అడగండి, అడగండి అని మొత్తుకుంటే అడగనివాళ్ళు. ఇప్పుడు ఒకాయన, అదీ ఊరి పెద్ద, నోరు తెరిచి అడుగుతున్నాడు. ఉత్తిదే అంటే చాలు, ఆయన కంప అవతలే సుఖంగా నిలబడతాడు.

"పెద్దల మాట కదండీ," అన్నాను. "ఎందుకొచ్చిన గొడవ?"

బావ నోరు తెరిచి నా వైపు చూశాడు. "పాకం ముదిరిపోతంది బాబూ!" అని పెద్దాయన కేక. కమిటీ పెద్ద పంచె ఎగ్గట్టి కంప ఎక్కి దూకాడు. పంచె సగం తుమ్మముల్లుకే ఉండిపోయింది. పెనం దిగింది.

అప్పుడుగాని ఆయనకు తను ఎక్కడ నిలబడ్డాడో తెలియలేదు. కంప అవతల కాపలా ఉన్న కమిటీవాళ్ళు ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "మరి పద్నాలుగు రోజులు గదా మావా?" అన్నాడు ఒకడు, భయం భయంగా. వాళ్ళు గుసగుసలాడుకున్నారు. అమ్మవారి పూజ పని ఉంది కాబట్టి పెద్దకు మినహాయింపు అన్నారు. పసుపునీళ్ళు చల్లి, మనిషి పట్టేంత సందు చేసి, రమ్మన్నారు.

ఆయన అడుగు వేయబోతుంటే బావ అడ్డం వచ్చాడు. మా బావ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు కూడా గట్టిగా మాట్లాడలేదు.

"మావా, నీ సెరుకు ఇంకా మూడు పెనాలుంది. పెనం మాది, గానుగ మాది. నువ్వు సెంబుడు నీళ్ళతో శుద్ధయిపోతే మేం అవ్వమా? కంప తీయించీ, రేపు పొద్దున్న పొయ్యి ఎలుగుద్ది. నేపోతే పద్నాలుగు రోజులయ్యేక ఎలిగిద్దాం. నీకేటి తొందర?"

కమిటీ పెద్ద తన చెరుకు కుప్ప వైపు చూశాడు. ఎండ దాని మీదే పడుతోంది. ఆ సాయంత్రం కంప లేచింది. క్రిమి ఎటు వెళ్ళిందో కమిటీ ప్రకటించలేదు. మేం ఇంటికి వెళ్ళాం. మర్నాడు మూడు పెనాలూ వండారు, మూడింటికీ కమిటీ పెద్ద పక్కనే నిలబడ్డాడు, మూడూ కట్టాయి.

దారి తెరిచినా పెద్దాయన ఊళ్ళోకి రాలేదు. నాకు ఊళ్ళో పనేటి బాబూ అన్నాడు. నేను అతనికేదో ప్రవేశం సంపాదించి పెట్టానని మనసులో కట్టుకున్న పూలమాల అక్కడే వాడిపోయింది. అతనికి కావలసింది ప్రవేశం కాదు, పొయ్యి.

మరుసటి ఏడు చెరుకు కాలంలో మళ్ళీ వెళ్ళాను. గానుగ దగ్గర కమిటీ పెద్ద కుర్ర రైతులకు చెబుతున్నాడు: "రైతు పక్కనుంటేనే బెల్లం కడతాది. నేను సెప్పడం కాదు, దేవుడ్ని నమ్మని ఆయనే సెప్పేడు." నా వైపు వేలు చూపించాడు. అందరూ గౌరవంగా చూశారు. ఊళ్ళో నా మాటకు అంత విలువ ఎప్పుడూ రాలేదు.

పెద్దాయన పెనం తుడుస్తూ గొంతు తగ్గించి అడిగాడు. "ఆ రోజు నిజం సెప్పనేదేం బాబూ?"

"చెబితే ఆయన కంప దాటేవాడా? కంప పోయేదా?"

"కంప మీ బావ తీయించేడు. అది ఆయన పని. పాకం సూడ్డం నా పని. నిజం సెప్పడం మీ పని గదా?"

అతను పొయ్యి వైపు తిరిగాడు. నేను లేచి వెళ్ళి, ఆ కుర్ర రైతులందరి ఎదుటే, అది ఉత్తి నమ్మకమని, ఆ రోజు నేను అబద్ధం ఆడానని, బెల్లం కట్టింది ఈయన వేళ్ళవల్ల అని చెప్పాను. కమిటీ పెద్ద ఓపికగా విన్నాడు. తరువాత మా బావ వైపు తిరిగి, "నిరుడు ఎండలో శానా తిరిగేడు గదా, బుర్ర కాస్త సెడినట్టుంది," అన్నాడు.